యాభై ఆదా, నలభై అయిదు అదనం

కూపన్ పుట్టింది సంసారుల సంచి నింపడానికి కాదు. అమెరికాలో 1880ల చివర్లో కోకా కోలా వాళ్లు ఒక గ్లాసు ఉచితంగా తాగమని చీటీలు పంచారు. అలవాటు లేనివాళ్లకు అలవాటు చెయ్యడం ఆ చీటీ పని, ఆ పని అది చక్కగా చేసింది. తర్వాత ఆదివారం పత్రికల మధ్య కూపన్ల కట్టలు వచ్చాయి. వాటిని కత్తిరించే కత్తెరలూ, వరసగా దాచుకునే ఫైళ్లూ వచ్చాయి. చాలా కూపన్ల అడుగున, భూతద్దం పెడితే తప్ప కనిపించని అక్షరాల్లో, దీని నగదు విలువ సెంటులో నూరో వంతు అని ముద్రించి ఉండేది. కూపన్ల మీద కంపెనీలు ముద్రించిన మాటల్లో ఇంత నిజాయతీ మరెక్కడా కనబడదు. 2010 చివర్లో టీఎల్‌సీ చానల్ ‘ఎక్స్‌ట్రీమ్ కూపనింగ్’ అనే కార్యక్రమం మొదలుపెట్టి, వందల డాలర్ల సరుకును నామమాత్రపు ధరకు ఇంటికి తెచ్చుకునే ఘనులను చూపించింది. వాళ్ల ఇళ్లలో అరల నిండా టూత్‌పేస్టులే. అన్ని పళ్లు ఆ ఇంట్లో ఎవరికున్నాయో మాత్రం కార్యక్రమం చెప్పలేదు.

తెలుగు ఊళ్లకు ఈ విద్య కత్తెర లేకుండా, ఫోన్‌లోంచి దిగింది. రోజుకు పది నిమిషాలు చాలు, నెలకు వేలు మిగులుతాయి అన్నది దీని మూలసూత్రం. ఆ పది నిమిషాల్లో సాధకుడు చేయవలసినవి ఇవి: మూడు యాప్‌లలో ఒకే కందిపప్పు ధర చూడాలి, కూపన్ కోడ్ వెతకాలి, అది ఫలానా బ్యాంకు క్రెడిట్ కార్డుకే చెల్లుతుందని తెలుసుకోవాలి, ఆ కార్డు బావమరిది దగ్గర ఉందని గుర్తు తెచ్చుకోవాలి, ఆయనకు ఫోన్ చేసి ఓటీపీ చెప్పించుకోవాలి. ఓటీపీ వచ్చేసరికి కోడ్ గడువు అయిపోతుంది. వెచ్చించిన సమయాన్ని ఈ శాస్త్రంలో ఎక్కడా లెక్క వేయరు. వేస్తే శాస్త్రం నిలబడదు.

‘మొదటి ఆర్డర్‌కు మాత్రమే’ అనే షరతు దగ్గర కుటుంబ వ్యవస్థ అసలు బలం బయటపడుతుంది. ఇంట్లో ఎన్ని సిమ్‌లుంటే అన్ని మొదటి ఆర్డర్లు. భర్త నంబరు అయిపోతే భార్యది, అదీ అయిపోతే తెనాలిలో ఉన్న అత్తగారిది. ఫలితంగా కూకట్‌పల్లిలో ఐస్‌క్రీం మీద సగం ధర తగ్గిందన్న కబురు రాత్రి పదకొండింటికి తెనాలిలో మోగుతుంది. షుగరు జబ్బున్న ఆ పెద్దావిడ దాన్ని ఏం చేసుకోవాలో ఏ కోడ్‌లోనూ లేదు.

లెక్క ఒకటి వేసి చూడవచ్చు. ఇంటికి కావలసిన పప్పు, చింతపండు, సబ్బులు కలిపి 430 రూపాయలు అనుకుందాం. 499 దాటితే యాభై తగ్గింపు అని యాప్ ఊరిస్తుంది. దాటించడం కోసం 85 రూపాయల చిప్స్ డబ్బా బుట్టలో పడుతుంది. మొత్తం 515, యాభై పోగా 465. హ్యాండ్లింగ్ ఛార్జీ పది కలిపితే 475. అప్పుడు తెర మీద రంగు కాగితాలు ఎగిరి, ‘మీరు 50 రూపాయలు ఆదా చేశారు’ అని అభినందన వస్తుంది. జేబులోంచి అదనంగా పోయిన 45 రూపాయల గురించి ఏ కాగితమూ ఎగరదు. ఇక ఎమ్మార్పీ మీద గీత కొట్టి పక్కన చూపే ధర సంగతి సరేసరి. ఎమ్మార్పీ అంటే అంతకు మించి అమ్మకూడదన్న హద్దు. అంతకే కొని తీరాలని ఎవరూ శాసించలేదు, మూల మీది కిరాణా కొట్టువాడు కూడా చాలా సరుకులు అంతకు తక్కువకే ఇస్తాడు. ఎవరూ చెల్లించబోని ధర నుంచి తీసివేసి చూపేదాన్నే ఈ శాస్త్రంలో పొదుపు అంటారు.

కంపెనీలు ఇదంతా ఎందుకు చేస్తాయన్నది రహస్యమేమీ కాదు. చక్రవర్తి నరసింహన్ అనే పరిశోధకుడు 1984లోనే మార్కెటింగ్ సైన్స్ పత్రికలో దీన్ని విడమరిచారు. ధర తగ్గితేనే కొనేవాళ్లనూ, ఎంతైనా కొనేవాళ్లనూ వేరు చేసే జల్లెడ కూపన్. తీరికా ఓపికా ఉన్నవాడు కోడ్ వెతుక్కుని తక్కువ ఇస్తాడు, లేనివాడు పూర్తి ధర ఇస్తాడు, ఇద్దరి దగ్గరా రాబట్టగలిగినంత రాబట్టడమే ఉద్దేశం. అప్పట్లో కూపన్ వాడినవాడి పేరు కంపెనీకి తెలిసేది కాదు. ఇప్పుడు పేరు, నంబరు, ఇంటి చిరునామా, అర్ధరాత్రి ఆకలి వేళ అన్నీ తెలుసు.

కూపన్లు ఏ సరుకు మీద వస్తాయో చూస్తే మిగతాది అర్థమవుతుంది. నూడుల్స్, బిస్కెట్లు, కొత్త బ్రాండు షాంపూ మీద వర్షంలా కురుస్తాయి. బెండకాయల మీద రావడం అరుదు. నెల సరుకుల్లో సింహభాగం బియ్యం, పప్పులు, నూనె, పాలు, కూరగాయలదే కనుక, కూపన్ నైపుణ్యం ఎంత పెరిగితే ఇంట్లో చిప్స్ అంత పెరుగుతాయి. స్క్రాచ్ కార్డు గీకితే వచ్చే బహుమతి సాధారణంగా గడ్డానికి రాసుకునే నూనె మీద తగ్గింపు. ఇంట్లో గడ్డం ఉన్నవాళ్లు లేకపోవడం కంపెనీ తప్పు కాదు.

నిజంగా తక్కువకు కొనే ఏర్పాట్లు తెలుగువారికి కొత్తవి కావు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో మొదలైన రైతుబజార్లలో ఆ రోజు ధర బోర్డు మీద రాసి ఉంటుంది, దాన్ని చదవడానికి లాగిన్ అక్కర్లేదు. కూరగాయలమ్మి తూకం అయ్యాక రెండు రెమ్మల కరివేపాకు కొసరు వేస్తుంది, 499 దాటించమని అడగదు. ఇవి పాతకాలపు పద్ధతులు కావడంతో వీటిని నేర్పే వీడియోలు ఎవరూ చూడరు.

ప్యాక్ చేసిన సరుకుకైతే మరో ఆధారం ఉంది. కిలోకు లోపు బరువున్న ప్యాకెట్ మీద గ్రాము ధర, కిలోకు మించితే కిలో ధర ముద్రించాలని లీగల్ మెట్రాలజీ నిబంధనలు చెబుతున్నాయి. పెద్ద ప్యాకెట్ నిజంగా చవకో కాదో, ‘కుటుంబ ప్యాక్’ అన్న పేరులో కుటుంబానికి ఒరిగేదేమిటో ఆ ఒక్క అంకె చెబుతుంది. అది చదవడానికి పది సెకన్లు చాలు. అందుకే దాన్ని ఎవరూ విద్యగా గుర్తించరు.

బిల్లు కట్టే ఆఖరి నిమిషంలో ఛార్జీలు బయటపెట్టడాన్నీ, అడగని వస్తువును బుట్టలో చేర్చడాన్నీ, ‘ఇంకా రెండే మిగిలాయి’ అని అబద్ధపు తొందర పుట్టించడాన్నీ కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2023 నవంబరు 30న ఇచ్చిన మార్గదర్శకాల్లో నిషేధించింది. అలాంటి మోసపు ఎత్తులు పదమూడింటిని అందులో పేర్కొంది. యాప్‌లో ఇవి ఎదురైన పాఠకులు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు చేయవచ్చు. దానికి కోడ్ ఏదీ అవసరం లేదు.