అరవై అడుగుల అల్లుడు

గాలి పీల్చే గొట్టం మార్పించాను, పొగ వదిలే గొట్టం మార్పించాను. మా మస్టాంగ్‌కి జరిగిన వైద్యం అంతే. ఇక్కడి కార్ల పిచ్చివాళ్ళు దీన్ని ‘లైట్లీ మాడిఫైడ్’ అంటారు. మగపెళ్ళివారు ‘ఏదో కొద్దిగా లాంఛనాలు’ అన్నట్టే ఇదీను. ఆ కొద్దిగా అంటే ఎంతో బిల్లు చేతికొచ్చాక గానీ తెలియదు. నాకు 900 డాలర్లయింది.

కారు 2015 మోడల్ మస్టాంగ్ జీటీ. అయిదు లీటర్ల వీ-8 ఇంజను, 435 గుర్రాల బలం, గేర్లు చేత్తోనే వేసుకోవాలి. అంతకు ముందు పదకొండేళ్ళు క్యామ్రీ నడిపి, డాలస్‌లో స్థిరపడ్డ తెలుగువాడిగా నా ధర్మం నేను నిర్వర్తించాను. నలభై దాటాక కొందరు మారథాన్లు పరిగెడతారు, కొందరు కీటో తింటారు. నేను సెకండ్ హ్యాండ్‌లో ఇది కొన్నాను.

గొట్టాలు మార్చిన రోజు స్టార్ట్ చేస్తే గ్యారేజీ గోడకి వేలాడుతున్న చీపురు కింద పడింది. కారుకి తక్కువలో తక్కువ ముప్పై గుర్రాలు పెరిగాయని అక్కడికక్కడే తేల్చేశాను. గుర్రాల్ని చెవులతో లెక్కపెట్టే విద్య మగాళ్ళకి పుట్టుకతోనే వస్తుంది.

“ఇప్పుడు ఎంతలో పోతుంది అల్లుడుగారూ?” అన్నారు మావయ్యగారు, చీపురు తీసి యథాస్థానంలో తగిలిస్తూ.

“బాగా పోతుందండీ.”

“అదివరకు ఎంతలో పోయేది?”

“చూడలేదండీ.”

“నాడి చూడకుండానే మందు పోశారన్నమాట.”

మావయ్యగారిది అద్దంకి వైపు పల్లెటూరు. ఊళ్ళో తిరునాళ్ళకి జరిగే బండలాగుడు పోటీల్లో ఏళ్ళ తరబడి టేపు పట్టిన మనిషి. ఒంగోలు గిత్తల జత, వెనక బండ, ఇచ్చిన నిమిషాల్లో ఎన్ని అడుగులు లాగిందో అంగుళాలతో సహా రాయడం ఆయన పని. పాలపళ్ళ గిత్తలకి ఒక విభాగం, రెండు పళ్ళకి ఒకటి, నాలుగు పళ్ళకి ఒకటి. పళ్ళు లెక్కపెట్టనిదే ఎవరి గొప్పా నమ్మరు. అల్లుడి గొప్ప సరేసరి.

అలా కారు నాడి చూద్దామని ఒక జూన్ సాయంత్రం ఇద్దరం డాలస్ దగ్గరి ఎన్నిస్ బయల్దేరాం. 1986లో బిల్లీ మేయర్ అనే రేసర్ అక్కడ టెక్సస్ మోటర్‌ప్లెక్స్ అనే డ్రాగ్ రేసుల ట్రాక్ కట్టించాడు. పావు మైలు ఎన్ని సెకన్లలో పోయామో అక్కడ కొలుస్తారు. పావు మైలు పొడవునా కాంక్రీటే. “మా ఊరి సిమెంటు రోడ్డు వేసిన కాంట్రాక్టరుని ఒకసారి తీసుకొచ్చి చూపించాలి” అన్నారు మావయ్యగారు, చెప్పు కాలితో నేల రాస్తూ.

అక్కడి తనిఖీలో ఎంతలో పోతావని అడిగారు. పత్రికల పరీక్షల్లో ఈ కారు పదమూడు సెకన్లకి అటూ ఇటూగా పోయింది. వాళ్ళు తలపండిన డ్రైవర్లతో నడిపిస్తారు, వాతావరణానికి లెక్క సవరిస్తారు. ఆ సంగతులన్నీ మింగేసి “పదమూడు” అన్నాను. పద్నాలుగు సెకన్లలోపు పోయేవాడికి హెల్మెట్ తప్పనిసరి. ముందే కొన్న 300 డాలర్ల హెల్మెట్ దర్జాగా తీసి చూపించాను.

గీత దగ్గరికి వెళ్ళేముందు నేల మీద నీళ్ళు పోసిన చోటు ఒకటుంటుంది. రేసు టైర్లవాళ్ళు అందులో చక్రాలు తిప్పి, వేడెక్కించుకుంటారు. మామూలు టైర్లవాళ్ళు దాన్ని చుట్టి వెళ్ళాలి, ఎందుకంటే గాళ్ళు ఉన్న టైరు నీళ్ళని మోసుకెళ్ళి గీత మీద పోస్తుంది. నాకు ఈ సంగతి తెలుసు. అయినా గేలరీలో మావయ్యగారు చూస్తున్నారు కదా అని తిన్నగా నీళ్ళలోంచే పోయాను. వెనక లైనులో ఉన్నవాళ్ళు నా గురించి ఏమనుకున్నారో వాళ్ళ హారన్లు చెప్పాయి.

ఎదురుగా స్తంభానికి లైట్లు. దాన్ని క్రిస్మస్ ట్రీ అంటారు. పైన రెండు చిన్న దీపాలు వెలిగితే చక్రం గీత మీదున్నట్టు. తర్వాత మూడు పసుపు లైట్లు అరసెకను తేడాలో దిగుతాయి, ఆపైన పచ్చ. నేను పచ్చ లైటు చూశాను, దాని అందం గమనించాను, ఆపైన క్లచ్ వదిలాను. చక్రాలు గిర్రున తిరిగాయి, కారు మాత్రం ఆలోచనలో పడింది. రెండు నుంచి మూడో గేరుకి పోబోతే లీవరు ఇంకెక్కడికో పోయింది.

అటు చివర తిరిగొచ్చే దారిలో కిటికీలోంచి స్లిప్ ఇచ్చారు. రేషన్ షాపు చీటీ అంత కాగితం. రియాక్షన్ 1.208. అరవై అడుగులు 2.58. మధ్యలో ఇంకొన్ని మజిలీలు. అడుగున 14.62 సెకన్లు, గంటకి 104 మైళ్ళు.

ఆ టైముకి హెల్మెట్ అక్కర్లేదు.

పచ్చ లైటు ఆలస్యంగా చూశాను, అందుకే టైము పెరిగిందని మావయ్యగారికి చెప్దామనుకున్నాను. ఆ సాకూ దక్కలేదు. గడియారం లైటుతో కాదు, ముందు చక్రం గీత దాటినప్పుడు మొదలవుతుంది. పచ్చ పడ్డాక కూర్చుని పేపరు చదువుకున్నా ఆ 14.62లో ఒక్క వందో వంతు కూడా పెరగదు. రేసులో ఓడిపోతావు, అంతే.

పిట్ లైనులో మా పక్కన అరవైల నాటి నోవా కారు, దాని పక్కన మడత కుర్చీ, అందులో కారు వయసుకి పైబడ్డ పెద్దాయన, ఒళ్ళో నోటు పుస్తకం. ప్రతి పరుగుకీ ఎండ ఎంత, టైర్లో గాలి ఎంత అన్నీ రాసుకుంటున్నాడు. ఆ పుస్తకం చూడగానే మావయ్యగారి ముఖం వెలిగింది. పరాయి ఊళ్ళో తమ ఊరివాడు కనిపించినట్టు వెళ్ళి పక్కన నిలబడ్డారు. నా స్లిప్ ఆయన చేతిలో పెట్టారు.

పెద్దాయన అడుగున ఉన్న అంకె చూడనే లేదు. పైన ‘60’ దగ్గర వేలు పెట్టి నా వంక జాలిగా చూశాడు. మొదటి అరవై అడుగుల్లో పదో వంతు సెకను పోగొడితే, చివరికొచ్చేసరికి అది పదిహేను, ఇరవై వందో వంతులై కూర్చుంటుందట. ఈ టైర్లతో 2.1 రావాలన్నాడు. చివరి స్పీడు ఇంజను జాతకమట, అరవై అడుగులు డ్రైవరు జాతకమట.

నేను తెలుగులోకి మార్చేలోపే మావయ్యగారు తలూపేశారు. “బండ మొదట కదలడమే కష్టం. అది కదిలేదాకా చర్నాకోల ఎత్తకూడదు. మీరు ముందే ఝళిపించారు.”

రెండోసారి నీళ్ళని చుట్టి వెళ్ళాను. యాక్సిలరేటర్ని అత్తగారితో మాట్లాడినంత సున్నితంగా తొక్కాను. అరవై అడుగులు 2.31, మొత్తం 13.71, స్పీడు 109. హెల్మెట్ గిట్టుబాటయింది. మూడోసారికి ధైర్యం వచ్చేసింది. లైనులో ముప్పావు గంట ఏసీ వేసుకుని కూర్చుంటే ఇంజను పెనంలా కాలింది. 2.44, 13.94, 108.

ఇందులో నా కారు టైము ఏది? ఫ్రిజ్ మీద అంటించడానికైతే 13.71. పెద్దాయన మొదటిదాన్ని కొట్టేశాడు, రెండోదాన్నీ నమ్మలేదు. మంచి టైము వేరు, మళ్ళీ రప్పించగలిగే టైము వేరు, మార్పుల్ని పోల్చి చూసే బేస్‌లైన్ అంటే ఆ రప్పించగలిగేదే అన్నాడు.

ఆపైన నా కడుపు మండే లెక్క ఒకటి వేశాడు. చివరి స్పీడుని 234తో భాగించి, వచ్చినదాన్ని ఘనం చేసి, పౌన్లలో బరువుతో గుణిస్తే ఇంజను బలం ఇంచుమించుగా వస్తుంది. కారూ నేనూ కలిసి 3,890 పౌన్లు, అందులో 185 నావి. 109కి వచ్చింది 393 గుర్రాలు.

“435 కదా, మిగతావి ఎటు పోయాయి?” అన్నాను, దొంగతనం జరిగినట్టు.

గాలిలో కలిసిపోయాయట. అక్షరాలా. ఆ పూట 97 డిగ్రీల ఫారెన్‌హీట్. అంత వేడికి గాలి పలచబడి, ఇంజనుకి మూడు వేల అడుగుల ఎత్తున ఊపిరి పీల్చినట్టుంటుంది. అంటే ఇంచుమించు అరకు ఎత్తు. చల్లదనం మాత్రం రాలేదు. వెయ్యి అడుగులకి మూడు శాతం చొప్పున, చెమ్మ ఖర్చు కూడా కలుపుకుని పది శాతం తీసేయొచ్చు. 435లో పది శాతం పోతే 391న్నర.

393లోంచి 391న్నర తీసేస్తే ఒకటిన్నర. రెండు గొట్టాలూ, 900 డాలర్లూ కలిసి నాకు సంపాదించి పెట్టింది ఒకటిన్నర గుర్రం. అదైనా ఉందో, లెక్కలో పొరపాటో చెప్పడం కష్టం, గొట్టాలు మార్చకముందు స్లిప్ లేదు కదా అన్నాడు పెద్దాయన. నేను దీన్ని తెలుగులోకి మార్చలేదు. అయినా మావయ్యగారు నవ్వారు.

ఇప్పుడు అసలు బేస్‌లైన్ కావాలంటే పాత గొట్టాలు మళ్ళీ బిగించి, అదే ఎండలో మళ్ళీ పరిగెత్తాలి. పొగ గొట్టం అటక మీదుంది. కంపెనీ గాలి డబ్బా మాత్రం మా ఆవిడ అడ్డంగా ఉందంటోందని 40 డాలర్లకి అమ్మేశాను. అచ్చం అలాంటిదే ఇంకొకటి ఇప్పుడు 110కి బేరమాడుతున్నాను. ఎందుకని అడిగితే ఆవిడకి చెప్పడానికి తగిన సూత్రం ఇంకా దొరకలేదు.

మావయ్యగారు ఇండియా వెళ్తూ తన డైరీలో ఒక పేజీ చించి ఇచ్చారు. టేపు పట్టిన చేతి రాత, ముత్యాల్లా ఉంది. ఎండ 97. టైర్లలో గాలి, పరుగుల టైములు మూడూ, దేనికది గళ్ళు గీసి రాశారు. తోలినవారు: అల్లుడుగారు. చివరి గడిలో, వ్యాఖ్య అన్నచోట, రెండే మాటలు.

ఎడ్లు మంచివి.