బరువుకు బంధువులు కావలెను

బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో పెరిగి డాలస్‌లో స్థిరపడ్డ మా మేనల్లుడు రెండు పాత పడవల మధ్య నలిగిపోతున్నాడు. వేక్‌బోర్డింగ్ పడవలు. ఒకదానికి ఇంజను మధ్యలో, రెండోదానికి వెనకాల. "ఏది కొనమంటావు మావయ్యా?" అడగాల్సినవాణ్ణే అడిగాడు. వానలు వెళ్లిపోతే మా బిలాస్‌పూర్ అర్పా నదిలో మిగిలేది ఇసుకే. పడవల విషయంలో మాకు ఏ పక్షపాతమూ ఉండే వీల్లేదు.

వాడి వాదన ఒక్కటే: "ఇదంతా ఫ్యామిలీ కోసం." ఆ ముక్క తగిలిస్తే ఎంత అప్పైనా పుణ్యకార్యమే.

పడవ వెనక తాడు పట్టుకుని, కాళ్లకు పలక బిగించుకుని అల మీద ఎగరడం వేక్‌బోర్డింగ్. ఎగిరేది ఒకడు, నడిపేది ఇంకొకడు. మరి కుటుంబం? అక్కడే ఉంది కిటుకు. అల పెద్దగా లేవాలంటే పడవ బరువుగా ఉండాలి. అందుకని సరస్సు నీళ్లనే పంపుతో తోడి పడవ ట్యాంకుల్లో నింపి, అదే సరస్సు మీద మోసుకు తిరుగుతారు! అదీ చాలకపోతే మనుషుల్ని సర్దుతారు. "అత్తయ్యగారూ, మీరు కాస్త వెనక్కి. పిల్లలూ, ఎడమవైపు." షికారుకని పిలిచిన అత్తగారు అక్కడ ఇసుక బస్తా ఉద్యోగంలో చేరిపోతుంది.

ఇంజను వెనకుంటే సీట్లెక్కువ, ఫ్యామిలీకి అనుకూలం అంటాడు అమ్మేవాడు. అనుకూలమే. నలుగురెక్కితే అల ఇంకాస్త లేస్తుంది. మధ్యలో ఇంజనున్నది అసలు వాటర్ స్కీయింగ్ కోసం పుట్టింది. దాని అల చిన్నది, చుట్టాలకు చోటూ తక్కువే.

"ఇంజను తక్కువ గంటలే తిరిగింది" అన్నది మరో ఊరింపు. షెడ్డులో పడుంటే తిరగదు మరి! చలికాలానికి ముందు ఇంజనులో నీళ్లు తీసెయ్యకపోతే అవి గడ్డకట్టి ఇంజను బ్లాకు పగలొచ్చు. ఆ సంగతి గంటల మీటరు చెప్పదు. అదే మా రైల్వేలో అయితే ఐసీఎఫ్ రకం ప్రయాణికుల పెట్టెకు 25 ఏళ్లు ఆయుర్దాయం. అవి నిండాక ఎంత ముద్దుగా చూసుకున్నా కండెమ్మే. పాత పడవకు ఆ గండం లేదు, కొనేవాడు దొరికేదాకా బతికే ఉంటుంది. ఒక్కటి మాత్రం నవ్వులాట కాదు: ఇంజను నడుస్తుండగా వెనక మెట్టు మీద ఎవరూ కూర్చోకూడదు. పొగలోని కార్బన్ మోనాక్సైడ్ ప్రాణాలు తీస్తుంది.

బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల నుంచీ బిలాస్‌పూర్‌లో పాతుకుపోయిన మా తెలుగువాళ్ల షికార్లు వేరు. రైల్వే పాసు తీసుకుని కోర్బా–విశాఖ ఎక్స్‌ప్రెస్‌లో విజయనగరం వెళ్లొస్తాం. లేదంటే రతన్‌పూర్ మహామాయ దర్శనం చేసుకుని, ఖూంటాఘాట్ డ్యామ్ దగ్గర పులిహోర. ఎవర్నీ ఎడమవైపు జరగమనం.

చివరికి ఇంజను వెనకున్నదే కొన్నాడు. వేసవికి మా ఆవిణ్ణీ, వాడి అత్తగారినీ రమ్మంటున్నాడు. టికెట్లు తనే తీస్తాడట. ఇద్దరి బరువూ ఎంతో కనుక్కోమన్నాడు, లైఫ్ జాకెట్ల సైజు కోసమట.