నా కుట్టు, వాళ్ల చేతికుట్టు

నేను ఉషా కుట్టు మిషన్ని. కలకత్తాలో పుట్టాను. నల్లటి ఒళ్లు, దాని మీద బంగారు రంగు అక్షరాలు, కింద ఇనుప తొక్కుడు పలక. నా కాపురం నర్సాపురంలో, వీధివైపు తలుపున్న ఒక గదిలో. నన్ను తొక్కే ఆమెను చుట్టుపక్కలంతా అక్క అంటారు, నేనూ అక్కే అంటాను.

నన్ను కొన్నది అక్క వాళ్లమ్మ, లేసు డబ్బులతో. ఆ డబ్బులు ఎలా పోగయ్యాయో తెలియాలంటే ఈ ఊరి లేసు సంగతి చెప్పాలి. పందొమ్మిదో శతాబ్దంలో మిషనరీలు ఈ గోదావరి పల్లెల ఆడవాళ్లకు లేసు అల్లడం నేర్పారు. అరుగుల మీద కూర్చుని కొక్కెం సూదితో వీళ్లు అల్లిన టేబులు గుడ్డలు సముద్రాలు దాటాయి. జర్మనీ నుంచి మరియా మీస్ అనే సామాజిక శాస్త్రవేత్త వచ్చి, వీళ్ల బతుకుల్ని పరిశీలించి, 1982లో ‘ద లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్’ అని పుస్తకం రాసింది. ఇంటిచాకిరీ చేస్తూనే రోజూ గంటల తరబడి అల్లుతున్న వీళ్లని ఎవరూ పనివాళ్లుగా లెక్కగట్టలేదనీ, ఇంట్లో ఊరికే కూచోలేక చేసే పని కింద జమకట్టారనీ, కూలి అంత తక్కువగా ఉండటానికి అదే కారణమనీ ఆ పుస్తకంలో చూపించింది. అక్క వాళ్లమ్మ ఆ పుస్తకం చదవలేదు. చదవాల్సిన అవసరమూ లేదు, ఆమె ఆ కూలి తీసుకున్న మనిషి.

అక్క జాకెట్లతో మొదలుపెట్టింది. పైనుంచి చూస్తే సులువుగా కనిపించే పని ఇది. ముందు లైనింగు గుడ్డని నీళ్లలో నానబెట్టి ఆరేయాలి. లేదంటే మొదటి ఉతుక్కే లైనింగు కుంచించుకుపోయి పైగుడ్డ ముడతలు పడుతుంది. కొలత జాకెట్టు పరిచి, సుద్దతో గీసి, కత్తిరించాక డాట్లు, భుజాలు, చేతులు నా దగ్గరికొస్తాయి. పక్క కుట్ల లోపల కాస్త గుడ్డ వదలడం అక్క ఎప్పుడూ మర్చిపోదు. పెళ్లినాటి జాకెట్టును ఇద్దరు పిల్లల తల్లయ్యాక ఊడదీసి వదులు చేయించుకోవడానికి వచ్చినవాళ్లని నేను ఎంతమందినో చూశాను.

పొడుగాటి కుట్లు నావి. పైదారం, బాబిన్ దారం ఒకదాన్నొకటి గుడ్డ మధ్యలో పట్టుకుంటాయి, అందుకే నా కుట్టు అంత త్వరగా ఊడదు. కానీ మెడ పట్టీ లోపలికి మడిచి, పైకి దారం కనపడకుండా హెమ్మింగు చేయడం నా వల్ల కాదు. నేను కుడితే మెడ చుట్టూ గీత గీసినట్టు కనబడుతుంది. హుక్కులు, వాటికి దారంతో కట్టే కాజాలు, చీర ఫాలు, చేతి అంచుకు లేసు అతకడం, ఇవన్నీ చేతిపనే. జాకెట్టు ఒంటికి అమరడం నా వల్లా అక్క కత్తెర వల్లా. అది చూడముచ్చటగా ఉండటం మాత్రం చేతిపని చేసేవాళ్ల వల్లే, ఇందులో నాకు సందేహం లేదు.

ఆ పని వీధిలో నలుగురైదుగురికి వెళ్తుంది. ఒకావిడ మోకాళ్ల నొప్పులతో పొలం పనికి పోలేదు. ఇంకొకామె చంటిపిల్లతో ఇల్లు కదలలేదు. మరొకావిడకి లేసు అల్లడంలో ఆరితేరిన చెయ్యి. చాలాచోట్ల హెమ్మింగు, హుక్కులు కుట్టుకూలిలోనే కలిసిపోతాయి, చేసినవాళ్లకు చిల్లర మిగులుతుంది. అక్క లెక్కల పుస్తకంలో ప్రతి బట్టకీ మూడు వరసలుంటాయి: కత్తిరింపు, మిషను, చేతిపని. మూడో వరసలో ధర వేసేముందు ఆ పని చేసేవాళ్ల పక్కన కూర్చుని గోడ గడియారం చూసింది. శనివారం సాయంత్రం ముందు ఆ వరస డబ్బులు ఇచ్చేస్తుంది, ఆ తర్వాతే తన ఇంటిఖర్చు. ఇది ధర్మం కింద చేస్తున్నది కాదు, తన తల్లికి ఎవరూ కట్టని లెక్కను తాను కడుతోంది.

సంక్రాంతికీ, శ్రావణ శుక్రవారాలకీ, పెళ్లిళ్లకీ నాకు ఊపిరాడదు. ఆషాఢంలో చేతినిండా పనుండదు. జూన్‌లో బడి యూనిఫారాలు కాస్త ఆదుకుంటాయి. 2020లో కరోనాతో పెళ్లిళ్లన్నీ ఆగిపోయాయి. అప్పుడు రాష్ట్రంలో మనిషికి మూడేసి మాస్కులు ఇవ్వాలని ప్రభుత్వం కుట్టుపని పొదుపు సంఘాలకు అప్పగించింది. వీధంతా తలుపులు మూసుకున్న ఆ వేసవిలో నా చప్పుడు ఆగలేదు. 2022 జూలై 1 నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువులు కొన్నిటిని దేశమంతా నిషేధించాక గుడ్డసంచులు అడిగేవాళ్లు పెరిగారు. కత్తిరింపుల్లో మిగిలే ముక్కలు అతికి సంచులు కుడుతున్నాం. అంతకన్నా చిన్న ముక్కలు వీధి చివరి మామ్మగారి బొంతలోకి పోతాయి.

ఇప్పుడు గదిలో మోటారు మిషను కూడా ఉంది. యూనిఫారాల్లాంటి మందం గుడ్డలు దాని పని. జారిపోయే పట్టు మాత్రం ఇంకా నా దగ్గరికే వస్తుంది, నా వేగం అక్క పాదం చెప్పుచేతల్లో ఉంటుంది కాబట్టి.

ఇవాళ పాలకొల్లు నుంచి బట్టల కొట్టాయన ఒకరు వచ్చారు. మెడకి లేసు అతికిన చిన్నపిల్లల గౌన్లు ఇరవై కావాలన్నారు. ధర విని, “లేసు అతకడం ఇంట్లో కూచుని చేసేదేగా అక్కా, దానికి వేరే లెక్కేంటి?” అన్నారు.

అక్క పుస్తకం ఆయన ముందు పెట్టింది. “తగ్గించాలంటే నా కత్తిరింపులో తగ్గించుకోండి బాబూ. ఈ మూడో వరస నాది కాదు, అందులో పైసా తీసే హక్కు నాకు లేదు.”

ఆయన చాలాసేపు ఒక గౌను తిరగేసి, లోపలి కుట్టు గోటితో గీకి చూశారు. కత్తిరింపులో ఏమీ తగ్గించమనలేదు. ఇరవై కాదు, పన్నెండు గౌన్లకు బయానా ఇచ్చి వెళ్లారు. అక్క నూలుగుడ్డ తానులోంచి కొలిచి తీసి, రేపు పొద్దున్నే తడపడానికి బకెట్టు పక్కన పెట్టింది. లేసు పని ఎవరెవరికి ఎన్నెన్ని గౌన్లో పుస్తకంలో రాసుకుంటోంది.