అట్ట విప్పని బొమ్మ

మా రోజుల్లో టీవీలో ప్రకటన చూస్తే ఆశ పుట్టేదే గానీ కొనిపెట్టే నాథుడు ఉండేవాడు కాదు. ఇప్పుడు ఆశ పుట్టేలోపే కొరియర్ కుర్రాడు గుమ్మంలో నిలబడి ఓటీపీ అడుగుతున్నాడు.

1987లో రామాయణం మొదలయ్యాక, ఆదివారం పొద్దునయితే మా ఊరు సంగంలో టీవీ ఉన్నోళ్ల పంచలోనే మా పిల్లకాయలంతా. రాముడు రావాలంటే ముందు నిర్మా రావాలి, సర్ఫు లలితాజీ రావాలి. అంతా హిందీ. ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. అయినా నిర్మా పాట పొల్లు పోకుండా పాడేవాళ్లం. పదమూడో ఎక్కం మాత్రం ఎవడికీ వచ్చేది కాదు.

రస్నా సంగతి వేరే. ఐదు రూపాయల ప్యాకెట్టుకి 32 గ్లాసులనేవాళ్లు. ఎవరెవరికి పొయ్యాలో వీధి వీధంతా లెక్కేసుకుని అమ్మ దగ్గరికి పోతే, "చక్కెర మీ తాత తెస్తాడా?" అనేది. అంతటితో సరి. ఆ ప్రకటనల్లో ముద్దుగా మాట్లాడిన పాపల్లో ఒకరైన అంకిత 2003లో సింహాద్రిలో హీరోయిన్‌గా కనబడేసరికి మేం పిల్లల్ని చంకనేసుకుని సినిమాకి పోయే వయసులో పడ్డాం.

కొన్న బొమ్మ ఎవడికుందిలెండి! సోడా అంగడి ముందు పడుండే గోల్డ్ స్పాట్ మూత ఏరుకొచ్చి, బండ మీద పెట్టి రాయితో పల్చగా సాగ్గొట్టి, మేకుతో రెండు బొక్కలు పొడిచి, దారం దూర్చి రెండు చేతులా లాగితే జుయ్యిమని తిరిగేది. అంచు తగిలితే వేలు తెగేది. కూల్డ్రింకు తాగినోడు ఎవడో, ఆట మాత్రం మాది. ఎండాకాలం ముంజకాయల బండి. వీటికి ప్రకటనా లేదు, బ్రాండూ లేదు.

మా తమ్ముడి కొడుక్కి ముప్పై దాటాయి, హైదరాబాదులో ఉద్యోగం. బీరువా నిండా హాట్ వీల్స్ కార్లు, పైన ఓ హీమ్యాన్. అన్నీ అట్టకి అతికించినవి అతికించినట్టే ఉన్నాయి.

"ఆడుకోవా ఏందిరా?" అన్నా.

"విప్పితే రేటు పడిపోద్ది పెదనాయనా!"

ఆ హీమ్యాన్ పుట్టుకే ఓ వింత. అమెరికాలో ముందు 1982లో బొమ్మ అంగళ్లకొచ్చింది, కార్టూను మరుసటేడు వచ్చింది. అంటే కథంతా బొమ్మకి ప్రకటనే! అప్పుడు పిల్లోడి నాయన జోబీలోంచి లాగారు, ఇప్పుడు పెద్దోడైన ఆ పిల్లోడి జీతంలోంచే లాగుతున్నారు.

పానీయాలదీ అదే దారి. మూలనపడ్డ కాంపా కోలాని 2023లో రిలయన్స్ వాళ్లు మళ్లీ అంగళ్లకి తెచ్చారు. అదన్నా తాగి పారేస్తాం. అష్టాచెమ్మాని గుడ్డ మీద అచ్చేసి, నాలుగు గవ్వలు, గుప్పెడు చింతగింజలు చేర్చి, పెట్టెలో పెట్టి 'పాతకాలపు ఆట' అని అమ్మడం చూస్తే మాత్రం నాకు ఒళ్లు మండుద్ది. చింతగింజలకి డబ్బులేంది సామీ?

మా తమ్ముడి కొడుక్కి ఐదేళ్ల కూతురు. ఎండాకాలం సెలవలకి వచ్చేటప్పుడు ఆ కార్లు కూడా తీసుకురమ్మన్నా. కత్తెర నేనిస్తా.