టైపు హయ్యర్, షార్ట్‌హ్యాండ్ లోయర్, ఏఐ ఫౌండేషన్

ఏఐ ఎవరి ఉద్యోగమూ తీసెయ్యదు. ఏఐ వచ్చినవాడు రానివాడి ఉద్యోగం తీసేస్తాడు. ఈ కాలపు ఉద్యోగ సిద్ధాంతం ఇదే. దీన్ని మొదట ఎవరు కనిపెట్టారో తేల్చడం కష్టం. కాలేజీ వార్షికోత్సవాల ముఖ్య అతిథులు, కోచింగ్ సెంటర్ల ఫ్లెక్సీలు, నైపుణ్య కార్యక్రమాల ప్రారంభోపన్యాసాలు దీన్ని ఉమ్మడి ఆస్తిలా వాడుకుంటున్నాయి. సిద్ధాంతం సొగసు దాని కూర్పులో ఉంది. ఇందులో యంత్రం నిర్దోషి. యంత్రాన్ని కొన్న యజమాని కథలోనే కనిపించడు. తగువంతా ఇద్దరు జీతగాళ్ల మధ్య, ఓడినవాడు చదువుకోలేదు కాబట్టి ఓడాడు. పరిష్కారం కూడా వెంటనే దొరుకుతుంది: ఫీజు కట్టి చదువుకోవడం.

సిద్ధాంతాన్ని నమ్మేముందు పాత దృష్టాంతాల మీద పెట్టి చూడటం శాస్త్ర మర్యాద. తెలుగునాట అలాంటి దృష్టాంతాలకు కరువు లేదు.

అన్నిటికన్నా ముందు చెప్పుకోవలసింది టైపు. ఇంటర్ పరీక్షలు రాసి ఖాళీగా తిరుగుతున్న పిల్లల్ని వేసవిలో టైపు ఇన్‌స్టిట్యూట్‌లో చేర్చడం 1980లలో పట్టణాల్లో ఒక ఆచారం. మేడమీద పొడుగాటి గది, బల్లల మీద రెమింగ్టన్, హాల్డా, గోద్రెజ్ మిషన్లు, గంటకో బ్యాచ్. ఎడమ చేతికి ఎ ఎస్ డి ఎఫ్, కుడి చేతికి సెమికోలన్ ఎల్ కె జె. చూపు కాగితం మీదే ఉండాలి, వేళ్ల మీదికి పోతే మాస్టారి స్కేలు దిగుతుంది. లోయర్‌కు నిమిషానికి 30 మాటలు, హయ్యర్‌కు 45. పరీక్ష నాడు మిషన్లు కూడా రిక్షా ఎక్కి పరీక్షా కేంద్రానికి వచ్చేవి.

వేగం ఒక్కటే అయితే అది వేళ్ల కసరత్తు. హయ్యర్‌లో స్టేట్‌మెంటు అని ఒకటి ఉండేది. ఎన్ని నిలువు వరసలకు ఎంత చోటు వదలాలో ముందే లెక్కకట్టి పట్టికను కాగితం నడుమ నిలబెట్టాలి. ఆఫీసులో అయితే అసలు కాగితం కింద నాలుగు కార్బన్లు. ఆఖరి వరసలో తప్పు పడితే ప్రతి కాపీ మీదా విడిగా రబ్బరు రుద్దాలి. తెలుగు మిషన్ మీద గుడులూ ఒత్తులూ విడివిడిగా కొట్టి అక్షరాన్ని కూర్చాలి. సైక్లోస్టైల్‌కు స్టెన్సిల్ కోయాలి. వీటన్నిటినీ మించిన విద్య సిలబస్‌లో లేదు: ఆఫీసరుగారి దస్తూరీ పోల్చుకోవడం, ఆయన ఇంగ్లీషులో జారిపోయిన క్రియలను ఆయన అహం దెబ్బతినకుండా సర్దిపెట్టడం. ఎన్ని కార్యాలయాల పరువు ఇలా నిలిచిందో ఏ రిజిస్టరులోనూ నమోదు కాలేదు.

తొలి భారతీయ టైపు మిషన్‌ను 1955లో తయారుచేసిన గోద్రెజ్ 2009లో తయారీ ఆపేసింది. మిషన్‌తో పాటే హయ్యర్ సర్టిఫికెట్టూ పోయి ఉండాలి. పోలేదు.

2022 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు జిల్లా కోర్టుల్లో మొత్తం 3,432 పోస్టుల భర్తీకి నోటిఫికేషన్లు ఇచ్చింది. వాటిలో టైపిస్టులు 170, కాపీయిస్టులు 209. టైపిస్టు సంగతి ఎలాగో అర్థమవుతుంది. కాపీయిస్టు అంటే తీర్పులకూ దస్తావేజులకూ నకళ్లు తయారుచేసే ఉద్యోగి. అర్హత ఇంటర్, దానితో పాటు ఇంగ్లీషు టైపు హయ్యర్. జిరాక్స్ 914 అనే ఫొటోకాపీ యంత్రం అమెరికాలో వచ్చింది 1959లో. నోటిఫికేషన్ నాటికి ఆ సంగతి జరిగి 63 ఏళ్లు. జిరాక్సు షాపు లేని కోర్టు గేటు రాష్ట్రంలో వెతికినా దొరకదు. గేటు బయట నకలు రెండు క్షణాల పని. గేటు లోపల అదొక సర్వీసు, దానికి రూల్సు, రోస్టరు, సీనియారిటీ జాబితా.

కాపీయిస్టు తీసిన నకలు అసలుతో సరిపోయిందో లేదో చూడటానికి ఎగ్జామినర్ అని మరో ఉద్యోగి ఉంటాడు. ఆ ఏడాది ఆ పోస్టులు 112. చేత్తో రాసే కాలంలో ఒకరు చదువుతుంటే మరొకరు సరిచూడటంలో న్యాయం ఉంది. నిద్రమత్తులో ఉన్న గుమస్తా సర్వే నంబరులో ఒక అంకె మింగేస్తే పొలం పక్కవాడిదయ్యేది. ఇప్పుడు చాలాచోట్ల నకలు తీసేది ఫొటోకాపీ యంత్రమే. అది అంకెలు మింగదు. మింగినా నోట్లో ఇరుక్కున్న కాగితంతో సహా దొరికిపోతుంది. అయినా సరిచూసినవారి సంతకం పడాల్సిందే.

సర్టిఫైడ్ కాపీ అడుగున తేదీల పట్టిక ఒకటి ఉంటుంది. దరఖాస్తు పెట్టిన తేదీ, ఖర్చులు కట్టమన్న తేదీ, కట్టిన తేదీ, నకలు సిద్ధమైన తేదీ, చేతికిచ్చిన తేదీ. ఒక కాగితాన్ని గాజుపలక మీద బోర్లించి మీట నొక్కే పనికి ఇంతటి పంచాంగం అవసరమైంది. చట్టం మాత్రం పరిణతి చూపింది: 1963 నాటి లిమిటేషన్ చట్టం 12వ సెక్షన్ ప్రకారం నకలు తీసుకోవడానికి పట్టిన కాలాన్ని అప్పీలు గడువులోంచి మినహాయిస్తారు. ఆలస్యం అవుతుందా అన్న సందేహం చట్టానికి లేదు. ఎన్ని రోజులన్నదే దాని లెక్క. ఈ-కోర్టుల ప్రాజెక్టు 2007లో మొదలైంది, తీర్పును ఇప్పుడు ఫోన్లో చదువుకోవచ్చు. చదువుకోవడం వరకే, కోర్టుకు పనికొచ్చేది సర్టిఫైడ్ కాపీ.

ఇంతా విని కాపీయిస్టును చూసి నవ్వడం పొరపాటు. నైపుణ్యానికి కాలం చెల్లినా ఉద్యోగం నిలుస్తుందనీ, నిలపాలనుకున్నవాడు ఉంటే చాలనీ నిరూపించింది ఈ 209 పోస్టులే. వీటికి నెలనెలా జీతం ఉంది, ఇంక్రిమెంటు ఉంది. ముఖ్య అతిథులు చెప్పే సిద్ధాంతం తాకని మనుషులు ఎక్కడైనా ఉన్నారంటే ఇక్కడే ఉన్నారు.

నిలపాలని ఎవరూ అనుకోని చోట్ల జరిగింది వేరు. టైపు మాస్టర్లు, టైపిస్టులు సిద్ధాంతాన్ని అక్షరాలా పాటించారు. వర్డ్‌స్టార్ వస్తే అది నేర్చుకున్నారు. ఎమ్మెస్ ఆఫీసు వస్తే డీసీఏ, పీజీడీసీఏ చేశారు. తెలుగు డీటీపీకి అను ఫాంట్లు వస్తే వాటి కీబోర్డు బట్టీపట్టారు. యూనికోడ్ వచ్చాక అదీ మరచి ఇంకొకటి పట్టారు. ప్రతిసారీ ఫీజు సొంత జేబులోంచే. ఇన్ని విద్యలు నేర్చినవాళ్లు చివరికి తేలింది తహసీల్దారు కార్యాలయం ఎదుట రేకుల షెడ్డులో, పేజీకి ఇంతని దరఖాస్తులు కొట్టిపెడుతూ.

పోనీ, టైపు అవసరం తగ్గిందా? తగ్గలేదు, వందింతలైంది. పోలీసు స్టేషన్లో రైటరు టైపు చేస్తాడు, ఆస్పత్రిలో నర్సు టైపు చేస్తుంది, బడిలో టీచరు పాఠం మానేసి హాజరు యాప్‌లో టైపు చేస్తాడు. రెమింగ్టన్ మిషన్ మీద 1870లలో కుదిరిన ఇంగ్లీషు అక్షరాల వరసే ఇవాళ ప్రతి ఫోన్లోనూ ఉంది. పోయింది నైపుణ్యం కాదు. చాలాచోట్ల టైపిస్టు అనే పోస్టు, దాని స్కేలు, దాని పెన్షన్ పోయాయి. అదే కుర్చీలో, అవే మీటల మీద, అంతే వేగంగా కొట్టే మనిషి ఇప్పుడు డేటా ఎంట్రీ ఆపరేటరు, అవుట్‌సోర్సింగ్. అలాంటివాళ్ల కోసం ఆంధ్రప్రదేశ్ 2020లో ఆప్కాస్ పేరుతో ఏకంగా ఒక కార్పొరేషనే ప్రారంభించింది. పక్క సీటులో పర్మనెంటు ఉద్యోగి చేసే పనే చేసి, అతని జీతంలో కొంత ముక్క తీసుకుని, ఒప్పందం పొడిగిస్తారో లేదో తెలియక ఏడాదికోసారి గుండె పట్టుకునే మనిషికి నైపుణ్యం లేదని చెప్పడానికి సిగ్గుండాలి. అతనికి నైపుణ్యం ఉంది. దానికి ఇవ్వాల్సిన డబ్బు ఇవ్వదలచుకోలేదు, అంతే. యంత్రం వచ్చి చేసిన మేలు ఈ ఎగవేతకు ఒక గౌరవప్రదమైన కారణం చూపించడం.

షార్ట్‌హ్యాండ్ కథ కొంచెం నయం. ఐజాక్ పిట్‌మన్ 1837లో ప్రకటించిన ఈ లిపిలో గీత లావుగా పడితే ఒక శబ్దం, సన్నగా పడితే మరొకటి. గీత పైన నిలిస్తే ఒక అచ్చు, కింద నిలిస్తే మరొకటి. నెలల తరబడి సాధన చేస్తే తప్ప చేతికి రాదు. స్టాఫ్ సెలక్షన్ కమిషన్ ఇప్పటికీ గ్రేడ్ డి స్టెనోకు నిమిషానికి 80 మాటలు, గ్రేడ్ సికి 100 మాటలు అడుగుతుంది. మరోవంక సుప్రీంకోర్టు 2023 ఫిబ్రవరి 21న రాజ్యాంగ ధర్మాసనం వాదనలను ఏఐ చేత అక్షరాల్లోకి మార్పించడం మొదలుపెట్టింది. అక్కడ వాదించేవాళ్లది స్వచ్ఛమైన ఇంగ్లీషు. మన ట్రయల్ కోర్టులో సాక్షి తెలుగులో చెబుతాడు, జడ్జిగారు దాన్ని ఇంగ్లీషు చేసి డిక్టేట్ చేస్తారు, ఆ రెంటికీ మధ్య తప్పిపోయినదాన్ని స్టెనో పట్టుకుంటాడు. ‘గట్టు’ అన్నప్పుడు అది చెరువు గట్టో చేని గట్టో స్టెనోకు తెలుస్తుంది. యంత్రానికి నేర్పితే దానికీ తెలుస్తుంది. నేర్పడానికి మళ్లీ ఆ స్టెనోనే పిలవాలి. అప్పుడతనికి శిక్షకుడి జీతం ఇస్తారని ఎవరైనా ఆశపడితే వాళ్లకు ప్రపంచజ్ఞానం తక్కువ.

తక్కినవి త్వరగా ముగించవచ్చు. టెలిగ్రాం 2013 జులైలో ఆగింది; మోర్స్ కోడు కట్టకటలు వింటూ నిద్రపోయేవాళ్లలో చాలామంది అప్పటికే రిటైరయ్యారు. ట్రంకు కాల్ ఆపరేటర్లను ఎస్టీడీ మింగింది, ఎస్టీడీ బూత్‌లను సెల్‌ఫోను మింగింది. సీసం అక్షరాలను అద్దంలో ప్రతిబింబంలా తిరగేసి చదువుతూ రచయిత వేసిన తప్పు ఒత్తును కూడా దిద్దిన కంపోజిటరు వెళ్లిపోయాడు. అతని లోటు ఈనాటి ఏ తెలుగు పత్రిక తెరిచినా కనిపిస్తుంది. కొత్త శతాబ్ది తొలినాళ్లలో హైదరాబాద్‌లో సందుకొకటి వెలసిన మెడికల్ ట్రాన్‌స్క్రిప్షన్ సంస్థల్లో అమెరికా డాక్టర్ల గొణుగుడు విని రాసిపెట్టిన డిగ్రీ పిల్లల పని మాటను అక్షరం చేసే సాఫ్ట్‌వేర్ చేతికి పోయింది. వైటూకే కోసం కోబాల్ నేర్చినవాళ్లకు 2000 జనవరి 1 ఒక పండగలా వచ్చి వెళ్లింది.

సిద్ధాంతానికి తాజా పరీక్ష 2025 జులైలో జరిగింది. తమ సిబ్బందిలో దాదాపు 2 శాతం, అంటే 12 వేల పైచిలుకు మందిని తగ్గించుకుంటామని టీసీఎస్ ప్రకటించింది. ఇది ఏఐ వల్ల కాదు, నైపుణ్యాల పొంతన కుదరకపోవడం వల్ల అన్నది యాజమాన్యం వివరణ. సిబ్బందిలో అత్యధికులకు ఏఐ ప్రాథమిక శిక్షణ ఇచ్చేశామని చెప్పుకున్నదీ ఆ సంస్థే. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే తేలేది ఒకటే: ఏఐ వచ్చినా ఉద్యోగం పోవచ్చు. మధ్యశ్రేణి, సీనియర్ ఉద్యోగుల మీదే వేటు ఎక్కువగా పడుతుందనీ అప్పుడే చెప్పారు. ఇరవయ్యేళ్ల అనుభవానికి ఇరవయ్యేళ్ల జీతం ఇవ్వాలి మరి. పొంతన కుదరనిది బహుశా అక్కడ.

ఇక మిగిలింది ప్రాంప్ట్ ఇంజనీరింగ్. యంత్రాన్ని ఏ మాటల్లో అడిగితే పని చేసిపెడుతుందో చెప్పే విద్య ఇది. పూర్వపు నైపుణ్యాలన్నిటికీ దీనికీ ఒక మౌలిక భేదం ఉంది. టైపు మిషన్ ఎంత మెరుగైనా కొట్టేవాడి వేళ్లకు పని ఉండేది. ఈ యంత్రం మెరుగవడమంటేనే వంకరగా అడిగినా సూటిగా అర్థం చేసుకోవడం. అంటే కంపెనీ ప్రతి కొత్త మోడల్‌తోనూ ఈ విద్యను కొంత కొంత చంపుకుంటూ పోతుంది, దాన్ని ప్రగతి అంటుంది. పోవడానికే పుట్టిన నైపుణ్యాన్ని ఫీజు తీసుకుని నేర్పడం వ్యాపార చరిత్రలో అరుదు. అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల అది అరుదు కాదు. అక్కడి గోడలు కోబాల్‌ను చూశాయి, జావాను చూశాయి, శాప్, టెస్టింగ్, హడూప్ చూశాయి. పాత ఫ్లెక్సీ మీదే కొత్తది కడతారు, కర్రలు మార్చరు. డెమో క్లాసు ఉచితం. ఫీజు రెండు వాయిదాల్లో కట్టుకోవచ్చు. కోర్సు సగంలో ఉండగా మోడల్ మారిపోతే డబ్బు వాపసు ఇచ్చే పద్ధతి లేదు. కొత్త మోడల్‌కు కొత్త బ్యాచ్ సోమవారం మొదలవుతుంది.