పదిహేను వందలు దాటాక

టర్బో పెట్రోల్ కారులో అసలు మజా 1600 ఆర్‌పీఎం దగ్గర మొదలవుతుంది. అంతకు కింద అది మామూలు కారే. గ్రీన్ సిగ్నల్ పడ్డాక కాలు ఆనిస్తే ఒక్క క్షణం తటపటాయిస్తుంది. ఏమైందబ్బా అనుకునేలోపు ముల్లు 1600 దాటుతుంది. అంతే, వీపు సీటుకు అతుక్కుపోతుంది. పెద్ద చప్పుడేమీ ఉండదు. ముందున్న బస్సు వెనుక అద్దంలోకి వచ్చేశాక గానీ ఎంత వేగం అందుకున్నామో తెలియదు.

కారు కొన్నప్పటి నుంచి ఎవరు కనబడినా నేను చెప్పేది ఆ ఒక్క క్షణం గురించే.

మాది ఫోక్స్‌వ్యాగన్ వర్టస్ జీటీ. పసుపు రంగు. 1.5 లీటర్ల టర్బో పెట్రోల్ ఇంజిన్, 150 పీఎస్ శక్తి, 250 న్యూటన్ మీటర్ల టార్క్, ఏడు గేర్ల డీఎస్‌జీ. ఈ అంకెల్లో నేను మొదట చూసేది 250ని. ఇంతే సైజున్న, టర్బో లేని హోండా సిటీ ఇంజిన్ ఇచ్చేది 145. అదీ 4300 ఆర్‌పీఎం దాకా లాగితేనే. ఇక్కడ 1600 నుంచి 3500 దాకా ఎక్కడ కాలు వేసినా మొత్తం 250 సిద్ధంగా ఉంటుంది. ఊళ్లో అయినా హైవే మీదయినా మనం రోజూ తిరిగేది ఆ మధ్యనే. అందుకే ఈ ఇంజిన్‌కి బలం ఎక్కువ అనడం కన్నా, ఉన్న బలం మనకు అందే చోట ఉంది అనడం న్యాయం.

నాకీ పిచ్చి ఈనాటిది కాదు. 2013లో పోలో జీటీ టీఎస్‌ఐ వచ్చింది. అప్పటిదాకా మన రోడ్ల మీద టర్బో అంటే డీజిల్ బండే. లారీల మీదా వ్యాన్ల మీదా ఆ మాట రాసి ఉండేది. అలాంటిది 1.2 లీటర్ల చిన్న పెట్రోల్ ఇంజిన్‌కి టర్బో తగిలించి 105 పీఎస్ తీశారు. మా ఆఫీసులో ఒకాయన కొన్నాడు. పక్క సీట్లో కూర్చోబెట్టుకుని లింగంపల్లి నుంచి పటాన్‌చెరు దాకా తిప్పాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కానీ అప్పట్లో ఇంటి అప్పు, అమ్మాయి చదువు. ఏళ్లు గడిచాయి. 2022లో పోలో తయారీ ఆగిపోయింది. ఆ కబురు చదివిన రోజు మనసు చివుక్కుమంది. ఆ ఏడాది జూన్‌లోనే వర్టస్ మార్కెట్‌లోకి వచ్చింది. అమ్మాయి ఉద్యోగంలో చేరి మొదటి జీతం తెచ్చిన రోజున మా ఆవిడే అంది, "ఇంక మీ కారు సంగతి చూడండి."

టర్బో గొప్పతనం అది పారేసేదాన్ని వాడుకోవడంలో ఉంది. ఇంజిన్‌లో పెట్రోల్ మండాక వేడివేడి వాయువులు సైలెన్సర్ గొట్టంలోంచి బయటికి పోతాయి. మండిన ఇంధనంలోని శక్తిలో పెద్ద వాటా ఆ వేడితోనే పోతుంది. పోయే దారిలో చిన్న చక్రం అడ్డం పెడితే ఆ విసురుకు అది నిమిషానికి లక్ష చుట్లకు పైగా తిరుగుతుంది. అదే ఇరుసుకు రెండో కొసన ఇంకో చక్రం. అది బయటి గాలిని లాగి, అదిమి, ఇంజిన్‌లోకి తోస్తుంది. గాలి ఎక్కువైతే పెట్రోల్ ఎక్కువ మండించవచ్చు, చిన్న ఇంజిన్ పెద్ద ఇంజిన్ పని చేస్తుంది. స్విట్జర్లాండ్ ఇంజినీరు ఆల్ఫ్రెడ్ బూషీ దీనికి 1905లోనే పేటెంట్ తీసుకున్నాడు. మొదటి క్షణం తటపటాయింపు కూడా ఇందులో భాగమే. చక్రం జోరందుకోవడానికి పట్టే సమయం అది.

అంత వేగంతో తిరిగే ఇరుసును కాపాడేది ఇంజిన్ ఆయిలే. పొద్దున్నే స్టార్ట్ చేసి ఆయిల్ వేడెక్కకముందే తొక్కకూడదు. హైవే మీద జోరుగా వచ్చి టక్కున ఇంజిన్ ఆపకూడదు. ఒక నిమిషం అలా తిరగనిస్తే టర్బో చల్లబడుతుంది. ఇంటి ముందు బండి ఆపి నేను ఇంకా దిగకుండా కూర్చుంటే మా ఆవిడ మొదట్లో కంగారు పడింది. ఇప్పుడు తనే గేటు దగ్గర నిలబడి, "చల్లారిందా?" అని అడుగుతుంది.

ఇక రన్నింగ్-ఇన్. కొత్త చెప్పు పాదానికి అలవాటు పడ్డట్టే కొత్త ఇంజిన్‌లో పిస్టన్ రింగులు సిలిండర్ గోడలకు అలవాటు పడాలి. మొదటి 1000 కిలోమీటర్లు పూర్తిగా తొక్కకూడదు, ఇంజిన్ వేగాన్ని గరిష్ఠంలో మూడింట రెండు వంతులు దాటనివ్వకూడదు. అక్కడి నుంచి 1500 దాకా మెల్లగా పెంచుకుంటూ పోవాలి. కొత్త టైర్లకూ కొత్త బ్రేకులకూ కూడా కొన్ని వందల కిలోమీటర్ల ఓపిక కావాలి. ఈ రోజుల్లో ఇవన్నీ ఎవరు పాటిస్తున్నారని షోరూమ్‌లో కారు తీసుకోవడానికి వచ్చిన ఒకాయన నవ్వాడు. నేను పాటించాను. ఇన్నేళ్లు ఎదురుచూసి తెచ్చుకున్న ఇంజిన్‌ని పదేళ్లు నడుపుకోవాలని ఉంది నాకు. 4000 ఆర్‌పీఎం గీత మీద నా చూపు ఎప్పుడూ ఉండేది.

మా అక్క కొడుకు ఇంజినీరింగ్ మూడో సంవత్సరం. కారు వచ్చిన రోజు నుంచి ఒకటే గొడవ.

"మామయ్యా, ఒక్కసారి. ఒకే ఒక్కసారి తొక్కు. జీరో నుంచి వంద ఎన్ని సెకన్లో చూసి వదిలేద్దాం."

"పదిహేను వందలు కానీరా. మొదటిసారి తొక్కేటప్పుడు నువ్వు నా పక్కనే ఉంటావు."

"ఒట్టు?"

"ఒట్టు."

తొక్కకపోయినా సంతోషానికి లోటు లేదు. అప్పా జంక్షన్ దాటి మొయినాబాద్, చేవెళ్ల మీదుగా అనంతగిరి కొండలకు వెళ్లాం. ఆ రోడ్డు పొడవునా ఉన్న మర్రిచెట్ల కింద నడపడమే ఒక భాగ్యం. కానీ రెండు వరసల రోడ్డు, ముందు ఇటుకల ట్రాక్టరో కూరగాయల వ్యానో ఉంటే పాత కారులో మైళ్లకు మైళ్లు దాని వెనకే పోయేవాణ్ణి. ఎదురుగా ఖాళీ దొరికినా, గేరు తగ్గించి ఇంజిన్ గింజుకుని ముందుకు పోయేసరికి మలుపు వచ్చేసేది. ఇప్పుడు అలా కాదు. ఖాళీ కనబడగానే కాలు కొద్దిగా ఆనిస్తే చాలు, ముల్లు 3000 కూడా చేరకుండానే ట్రాక్టర్ వెనకబడిపోతుంది. ఎదుటి వరసలో ఉండే సమయం సగానికి సగం తగ్గినట్టు అనిపించింది. టర్బో అంటే కుర్రకారు సరదా అనుకునేవాళ్లకు నేను చెప్పేది ఇదే. రెండు వరసల రోడ్డు మీద అది ప్రాణాలు కాపాడే పరికరం.

వికారాబాద్ దాటాక ఘాట్‌లో స్టీరింగ్ ఎటు తిప్పితే ముక్కు అటే తిరిగింది, బండి ఒరగలేదు. వెనక సీట్లో మా ఆవిడకు వాంతి రాలేదంటే అంతకన్నా సర్టిఫికెట్ అక్కర్లేదు. తిరుగు దారిలో నెమ్మదిగా, ఒకే వేగంతో వస్తుంటే నాలుగు సిలిండర్లలో రెండు వాటంతటవే పడుకుంటాయి. మళ్లీ కాలు ఆనిస్తే లేస్తాయి. ఆ మార్పు డిస్‌ప్లేలో చూస్తే తప్ప ఒంటికి తెలియదు. లీటరుకు 17 పైనే ఇచ్చింది.

లోపాలున్నాయి. గచ్చిబౌలి ట్రాఫిక్‌లో అంగుళం అంగుళం జరిగేటప్పుడు డీఎస్‌జీ ఒకటి, రెండు గేర్ల మధ్య కాస్త కుదుపుతుంది. దాని క్లచ్‌లు ఆయిల్‌లో మునిగి ఉండేవి కావు, పొడివి. ఆగి ఆగి కదిలితే వేడెక్కుతాయి. అందుకని ముందు బండికి కాస్త ఎడం ఇచ్చి, ఒకేసారి కదలడం అలవాటు చేసుకున్నాను. ఊళ్లో మైలేజీ పదికి అటూ ఇటూ. కాలనీ స్పీడ్ బ్రేకర్ల దగ్గర గుండె పీచుపీచుమంటుంది. కొనేవాళ్లు ఇవి తెలిసే కొనాలి.

ఓడోమీటర్ 1200 దాటిన రోజుల్లో కారుకు సిరామిక్ కోటింగ్ వేయించాను. పసుపు రంగు మీద చిన్న గీత పడినా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. తెలిసినవాళ్లు చెప్పిన షాపు ఒకటి ఊరి చివర ఉంది. శుక్రవారం సాయంత్రం తాళం ఇచ్చాను. అక్కడి కుర్రాడు మర్యాదస్తుడు. బండి చుట్టూ తిరిగి చూశాడు, ముందు చక్రాల ఎర్ర క్యాలిపర్ల దగ్గర వంగి కాసేపు నిలబడ్డాడు.

"ఇది వన్ పాయింట్ ఫైవ్ కదా సార్?"

"అవును."

"ఎంత కొట్టారు సార్ ఇప్పటిదాకా?"

"ఇంకా రన్నింగ్-ఇన్‌లో ఉంది బాబూ. వంద దాటలేదు."

అతను తల ఊపాడు. కడగడం, రంగు మీది మురికిని క్లేతో తీయడం, పాలిష్ పట్టడం, ఆ పైన కోటింగ్, వరసగా వివరించాడు. ఆదివారం ఇచ్చేస్తామన్నాడు. శనివారం సాయంత్రం ఆగలేక, ఎంతవరకు వచ్చిందని మెసేజ్ పెట్టాను. వెంటనే జవాబు వచ్చింది. దాంతోపాటు ట్యూబ్‌లైట్ల కింద మెరుస్తున్న బానెట్ ఫొటో. మా ఆవిడకు చూపించి మురిసిపోయాను.

బండి తెచ్చుకున్నాక వారం తిరక్కుండానే 1500 దాటింది. ఇంకా వంద పైగా మిగిలి ఉండాలే అని ఒక్క క్షణం అనిపించింది గానీ, సంబరంలో ఆ లెక్క నిలవలేదు. మేనల్లుడికి ఫోన్ చేశాను. అరగంటలో గుమ్మంలో ఉన్నాడు.

కొల్లూరు దగ్గర ఔటర్ ఎక్కాం. 158 కిలోమీటర్ల ఆ రింగు రోడ్డు మీద గరిష్ఠ వేగం ఒకప్పుడు 100 ఉండేది, 2023లో 120 చేశారు. ఎక్కే దారిలో ముందు ఎవరూ లేరు. వెనుక ఎవరూ లేరు. మీటర్ 40 చూపిస్తోంది. వాడు బెల్టు సరిచూసుకుని నా వైపు చూశాడు. కాలు నేలకు ఆనించాను.

గేరు రెండు మెట్లు కిందికి దిగింది. ఇన్నాళ్లూ 4000 గీత దగ్గర వెనక్కి వచ్చేసిన ముల్లు దాన్ని దాటి 5000, 6000 దాకా ఒక్క ఊపున వెళ్లింది. అంతవరకు నేను వినని గొంతు ఇంజిన్‌లోంచి వచ్చింది, సన్నగా, నిండుగా. వీపు మీద తోపు ఆగలేదు, గేరు మారినా ఆగలేదు. వాడు అరిచిన అరుపు నాకు వినబడలేదు. 120 రాగానే కాలు తీసేశాను. కళ్లు చెమర్చాయి. యాభై దాటినవాడికి కారు వేగానికి కన్నీళ్లేమిటని ఎవరైనా అనుకుంటే అనుకోనీ. ఆ మొదటి తొక్కుడు కోసం పదేళ్లు ఆగాను.

ఇంటికొచ్చి, నిమిషం ఆగి, ఇంజిన్ ఆపాను. మా ఆవిడ టీ పెట్టింది. సోఫాలో పడున్న నా ఫోన్ మోగితే మేనల్లుడు తీసి చూశాడు.

"మామయ్యా, చలానా. ఔటర్ మీద ఓవర్ స్పీడ్."

"120 దగ్గర తీసేశాను కదరా."

"152 అని ఉంది." ఫొటో తెరిచి చూశాడు. వాడి ముఖం చిన్నబోయింది. "మొదటిసారి నేను పక్కన ఉండాలన్నావు. ఇది పోయిన శనివారం ఫొటో."

ఫోన్ తీసుకున్నాను. పసుపు రంగు వర్టస్, నా నంబరు ప్లేటే. స్టీరింగ్ వెనుక ముఖం అద్దం మీది ఎండలో సరిగ్గా కనబడలేదు. పక్క సీటు కిటికీలోంచి ఒక చెయ్యి బయటికి వచ్చి ఉంది, ఆ చేతిలో ఫోన్, కెమెరా రోడ్డు వైపు. బానెట్ అద్దంలా మెరుస్తోంది.

1035 రూపాయలు. బండి నా పేరు మీద ఉంది కాబట్టి నేనే కట్టాను. ఫొటో కింద సమయం శనివారం సాయంత్రం 4 గంటల 52 నిమిషాలు. షాపు నుంచి నాకు జవాబు వచ్చింది 4 గంటల 53 నిమిషాలకు. అది ఇప్పటికీ నా ఫోన్‌లో ఉంది: "కోటింగ్ ఆరుతోంది సార్. రేపటిదాకా బండి అంగుళం కూడా కదపకూడదు."