రత్నాచల్ వెళ్లిపోయాక

1998 వేసవిలో ఆ అమ్మాయి తాండవ అవతలి ఒడ్డున, పాయకరావుపేటలో మేనమామ ఇంటికి వచ్చింది. ఆయనకి తమలపాకు తోట. తునిలో డిగ్రీ చదువుతూ సెలవుల్లో ఆ ఆకు లెక్కలు రాసేవాణ్ణి. ఓరోజు ఆమె అరుగు మీద కూర్చుని రసం మామిడిపండుని అరచేతుల మధ్య మెత్తగా పిసికి, ముచ్చిక కొరికి ఊసేసి, జుర్రుకుంటోంది. ముంజేతి మీదికి జారిన చారని నాలుకతో అందుకుని, నేను చూశానని తెలిసి నవ్వింది. మా మధ్య జరిగిందంతా అంతే.

జూన్‌లో రత్నాచల్ ఎక్కి విజయవాడ వెళ్లిపోతూ, "మళ్లీ మామిడిపళ్లకి వస్తాలెండి" అంది. మాటవరసకి అన్నదాన్ని మాటిచ్చినట్టే పట్టుకున్నాను.

మూడేళ్లు ప్రతి ఆదివారం, విజయవాడ నుంచి ఆ బండి వచ్చే వేళకి స్టేషన్లో ఉన్నాను. మొహాలు చూసే ధైర్యం లేక, దిగేవాళ్ల పాదాలు చూసేవాణ్ణి. రెండో ఏడే ఆమెకి పెళ్లయిందని తెలిసింది. అయినా వెళ్లాను. పిఠాపురం పక్కన చంద్రంపాలెంలో పుట్టిన కృష్ణశాస్త్రిగారి 'కృష్ణపక్షం' దిండు కింద పెట్టుకుని, 1925 నాటి ఆ దుఃఖం నాదేననుకున్నాను. ఆయన విరహాన్ని పద్యం చేశారు. నేను ఇంట్లోవాళ్ల మీద విసుక్కున్నాను.

ఆ నవ్వు నిజమే. ఒక వేసవికి సరిపడా నిజం. దాన్ని అన్నేళ్లు సాగదీసిన తప్పు నాది.

ఆషాఢం వస్తే అమ్మ అడిగేది: "ఒరే నాన్నా, ఈ ఆదివారం లోవకి తీసుకెళ్తావా?" నేను డిగ్రీ పాసైతే తలుపులమ్మ తల్లి దగ్గరికి నన్ను వెంటబెట్టుకుని వస్తానని మొక్కుకుందిట. "వచ్చే వారం చూద్దాంలే అమ్మా" అనేవాణ్ణి. పక్కింటివాళ్లతో వెళ్లమంటే, "మొక్కు నీ పేరునరా, నువ్వు రావాలి" అనేది. కొన్నేళ్లకి అడగడం మానేసింది. నేను గమనించనేలేదు.

2016 జనవరి 31న తుని దగ్గర గొడవల్లో అదే రత్నాచల్ తగలబడింది. కబురు వినగానే నాకు ఆమె కూర్చుని వెళ్లిపోయిన రైలు కిటికీ గుర్తొచ్చింది, ఇన్నేళ్ల తర్వాత కూడా. "తలుపెయ్యరా" అంటూ అమ్మ లేవబోయి, లేవలేక, మోకాళ్లు పట్టుకుని మంచం మీదే కూలబడింది. ఆ మోకాళ్లని నేను చూడటం అదే మొదలు.

ఆ ఆషాఢంలో ఆటో మాట్లాడి లోవ తీసుకెళ్లాను. మెట్లెక్కలేకపోయింది. కింద నీడలో కూర్చోబెట్టి, పైకెళ్లి కుంకం తెచ్చి నుదుట పెట్టాను. "నువ్వు చూశావుగా, చాల్లే" అంది.

మా ఇంటినుంచి లోవ ఏడెనిమిది కిలోమీటర్లు.